'నిలబడు అక్కా' అంటున్నారు... బస్తీ బలం వార్డు ఓట్లుగా మారుతుందా?

హైదరాబాద్‌లో మూసీకి దగ్గర్లో ఉన్న ఒక బస్తీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరి గుర్తులు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు 41 ఏళ్లు. పదేళ్లకు పైగా సుమారు 1,200 ఇళ్లున్న బస్తీలో సంక్షేమ సంఘం నడుపుతున్నారు. రేషన్ కార్డులు, వితంతు పింఛన్లు, మంచినీటి కనెక్షన్లు ఇప్పించారు. 2020 అక్టోబర్ వరదల్లో పదివేల సాయం అందని ఇళ్ల జాబితా రాసి అధికారుల ముందు పెట్టారు. నాలా విస్తరణ పేరుతో ఇళ్లు ఖాళీ చేయమన్నప్పుడు రోడ్డు మీద కూర్చున్నారు. ఆ ధర్నాల మీద ఆమె పేరున రెండు కేసులున్నాయి. ఒక స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర సమన్వయకర్తగా నెలకు 14,000 జీతం వస్తుంది. ఆ సంస్థకు విదేశీ నిధులున్నాయి. భర్త ఆటో నడుపుతారు. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆ పిల్ల ఇంజినీరింగ్ కోసమని మూడు లక్షలు దాచారు.

ఇప్పుడు బస్తీ కుర్రాళ్లు "కార్పొరేటర్‌గా నిలబడు అక్కా, స్వతంత్రంగా వేద్దాం, గెలిపిస్తాం" అంటున్నారు. ఈలోగా ఒక పార్టీ స్థానిక నాయకుడు కబురు పంపాడట. వార్డు మహిళలకు రిజర్వ్ అయితే టికెట్ ఇప్పిస్తాను, పది లక్షలు నువ్వు సర్దుకో, మిగతాది మేం చూసుకుంటాం, గెలిచాక పనుల సంగతి అన్న చూసుకుంటాడు అని. సంఘం కమిటీలో ఇద్దరు వేరే పార్టీల వాళ్లు. ఆమె పోటీ చేస్తే సంఘం రెండు ముక్కలవుతుందని ముఖం మీదే చెప్పారు. భర్త "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. "నిలబడాలా వద్దా? నిలబడితే ఎటు? ఓడిపోతే ఈ బస్తీలో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి?" అని ఆమె అడిగారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. మీరు పోటీ చేయడం ఒకటి. ఎవరి తరఫున అన్నది రెండోది. సంఘం ఏమవుతుందన్నది మూడోది. అందరూ మిమ్మల్ని మొదటి రెండే అడుగుతున్నారు. మీరు ముందుగా తేల్చుకోవలసింది మూడోది. మీరు గెలిచినా ఓడినా ఆ 1,200 ఇళ్లకు రేషన్ కార్డు పని, పింఛను పని ఆగకూడదు కదా. అయితే లెక్క తెలియకుండా ఏదీ తేలదు. అందుకని ముందు ఓట్ల లెక్క చూద్దాం.

2020 డిసెంబర్ 1న జరిగిన జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికల్లో 150 వార్డులకు సుమారు 74 లక్షల మంది ఓటర్లున్నారు. అంటే సగటున వార్డుకు దాదాపు 50 వేలు. పోలైంది 46.55 శాతం. కాబట్టి వార్డుకు 23 వేల ఓట్లనుకోండి. ముక్కోణపు పోటీలో గెలవాలంటే ఎనిమిది, తొమ్మిది వేలు కావాలి. ఇక మీ బలం చూడండి. 1,200 ఇళ్లకు ఇంటికి ముగ్గురు చొప్పున 3,600 ఓట్లు. పనికి వెళ్లేవాళ్లు, ఓటు సొంతూళ్లో ఉన్నవాళ్లు, జాబితాలో పేరు గల్లంతైనవాళ్లు పోగా వందకు అరవై మంది బూత్‌కు వచ్చారనుకుందాం. ఆ 2,160 మందిలో నలుగురిలో ముగ్గురు మీకే వేసినా చేతికొచ్చేది 1,620. బస్తీ మొత్తం మీ వెంట ఉందన్నది నిజమే కావచ్చు. కానీ వార్డులో మీ బస్తీ ఒక మూల మాత్రమే. మిగిలిన ఏడు వేల ఓట్లు అపార్ట్‌మెంట్లలో, పక్క కాలనీల్లో, మీ పేరు ఎప్పుడూ వినని వీధుల్లో ఉన్నాయి.

ఇంకో సంగతి. ఆ ఎన్నికల్లో నాలుగు పార్టీలకు 56, 48, 44, 2 సీట్లు వచ్చాయి. కూడితే సరిగ్గా 150. వందల మంది స్వతంత్రులు నిలబడితే ఒక్కరూ గెలవలేదు. మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి ఇది చెప్పడం లేదు. కుర్రాళ్లు 'గెలిపిస్తాం' అన్నప్పుడు ఈ కాగితం వాళ్ల ముందు పెట్టి, ఆ ఏడు వేలు ఏ వీధుల నుంచి తెస్తారో పేర్లతో రాయమనండి. రాయగలిగితే వాళ్ల మాటకు బలం ఉన్నట్టే.

ఈ అంకెలు పాత వార్డులవని గుర్తుంచుకోండి. 2025 డిసెంబర్‌లో చుట్టుపక్కల మునిసిపాలిటీలను కలిపి నగరాన్ని 300 వార్డులుగా విడగొట్టారు. మీ బస్తీ ఇప్పుడు ఏ వార్డులో ఉందో, మధ్యలో గీత పడి రెండు వార్డుల్లోకి వెళ్లిందో ముందు చూసుకోండి. వార్డు చిన్నదైతే లెక్క మీకు కొంత కలిసొస్తుంది. బస్తీ రెండుగా చీలితే ఉన్న బలం కూడా సగమవుతుంది. వార్డు ఓటర్ల జాబితా తీసుకుని, ఒక్కో పోలింగ్ కేంద్రం కింద ఏ వీధులున్నాయో రాసుకోండి. ప్రతి కేంద్రానికీ ఎదురుగా, అక్కడ మీ తరఫున రోజంతా కూర్చునే మనిషి పేరు రాయండి. 2020లో నగరమంతా 9,101 కేంద్రాలు, అంటే వార్డుకు దాదాపు 60. పాత లెక్క ప్రకారం మీ దగ్గర నలభై పేర్లు కూడా రాకపోతే స్వతంత్రంగా దిగడానికి ఇంకా సమయం రాలేదు.

స్వతంత్ర అభ్యర్థికి అసలు కష్టం గుర్తు. 2020 తేదీలే చూడండి. నవంబర్ 18 నుంచి 20 దాకా నామినేషన్లు. 21న పరిశీలన. 22న ఉపసంహరణ. గుర్తు ఏదో తేలేది ఆ సాయంత్రమే. 29 సాయంత్రంతో ప్రచారం బంద్. అంటే కొత్త గుర్తును 50 వేల మందికి పరిచయం చేయడానికి మీకు దక్కేది ఒక్క వారం. పార్టీ గుర్తుకు ఆ బాధ లేదు. గుర్తు వచ్చిన రాత్రే కరపత్రం ప్రెస్‌కు వెళ్లాలి. డిజైన్ అంతా ముందే సిద్ధం చేసి, గుర్తు పెట్టే చోటు మాత్రం ఖాళీగా ఉంచాలి. బ్యాలెట్ నమూనాలో మీ పేరు, గుర్తు సరిగ్గా ఉన్నాయో కళ్లారా చూసుకోవాలి. ఆ ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థికి సీపీఎం గుర్తు అచ్చయితే పోలింగ్ ఆపి డిసెంబర్ 3న మళ్లీ జరపాల్సి వచ్చింది. అది పార్టీ కాబట్టి వెంటనే గొడవ చేసి పట్టుకుంది. స్వతంత్రుల గుర్తు తారుమారైతే చూసేది మీరొక్కరే.

డబ్బు సంగతికి వద్దాం. పార్టీ నాయకుడి మాట ఎలాంటిదో ఇక్కడ తేటతెల్లమవుతుంది.

2020లో జీహెచ్‌ఎంసీ అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షలు. ఆయన మిమ్మల్నే పది లక్షలు తెమ్మంటున్నాడు, 'మిగతాది' వాళ్లు పెడతారట. పరిమితి దాటిన ప్రతి రూపాయీ లెక్కల్లోకి రాకుండా, మీ పేరు మీద ఖర్చవుతుంది. ఫలితాలు వచ్చిన 45 రోజుల్లోగా ఖర్చుల లెక్క మీ సంతకంతోనే ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. సంతకం మీది, డబ్బు వాళ్లది, పంపకం ఇంకెవరిదో. ఆ మూడూ ఒకచోట ఉండవు కాబట్టే రేపు ఏదైనా తేడా వస్తే పట్టుబడేది మీరు.

నిజాయితీగా ప్రచారం చేస్తే ఎంతవుతుందో చూద్దాం. మీ దగ్గరి రేట్లు కనుక్కుని ఈ అంకెలు సవరించుకోండి. రెండు విడతల కరపత్రాలు 30 వేలు, ఒక్కోటి రూపాయి చొప్పున 30 వేల రూపాయలు. మైకు కట్టిన ఆటోలు మూడు, వారం రోజులు, రోజుకు రెండు వేలు చొప్పున 42 వేలు. మీ ఆయన ఆటోను ఇందులో కలపకండి, ఆ వారం ఇంట్లో పొయ్యి వెలగాలి. పోలింగ్ రోజు 60 కేంద్రాలకు లోపల ఇద్దరు, బయట ఇద్దరు చొప్పున 240 మంది. టిఫిను, భోజనం, చాయ్ కలిపి మనిషికి రెండు వందలు, అంటే 48 వేలు. టేబుళ్లు, షామియానాలు, బ్యాడ్జీలకు 20 వేలు. డిపాజిట్ 2020లో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500, మిగతావారికి 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది తిరిగి రాదు. ఓటరు జాబితా జిరాక్సులు, నోటరీ, వకీలు కలిపి ఇంకో పాతిక వేలు. మొత్తం లక్షా డెబ్బై వేల చుట్టూ తేలుతుంది. శ్రమ చేసేవాళ్లు ఉంటే పద్ధతైన ప్రచారానికి ఇది చాలు. దీనికి ఎన్నో రెట్లు అడిగేవాళ్లు ఆ డబ్బు పంచడానికే అడుగుతున్నారని అర్థం చేసుకోండి.

పిల్ల చదువు కోసం దాచిన మూడు లక్షలు మాత్రం ముట్టుకోకండి. దీని మీద నాకు రెండో మాట లేదు. ఎన్నికకు విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. వంద, ఐదు వందల చందాలు అందులోనే వేయించుకోండి, ఇచ్చిన ప్రతివారికీ రసీదు రాయండి. నామినేషన్ నాటికి కనీసం లక్ష రూపాయలు పదిమంది దగ్గర కాకుండా నాలుగైదు వందల మంది దగ్గర నుంచి రాలేదంటే, జనం మద్దతు ఇంకా మాటల్లోనే ఉందని తెలుసుకోవచ్చు. వంద ఇచ్చిన మనిషి ఓటు వేయడానికి వస్తారు, ఇంకో ఇద్దరిని వెంట తెస్తారు. పొదుపు సంఘాల డబ్బు, బ్యాంకు లింకేజీ అప్పు మాత్రం ఒక్క రోజుకు కూడా ఇటు మళ్లించకండి. వాయిదా తప్పితే చెడేది మీ ఒక్కరి పేరు కాదు, పది మంది ఆడవాళ్లకు మళ్లీ అప్పు పుట్టదు.

పార్టీ టికెట్ అసలే వద్దని నేను అనను. పార్టీ గుర్తు ఉంటే మీకు తెలియని కాలనీల్లోనూ ఓట్లు పడతాయి, బూత్‌లో కూర్చునే మనుషులు దొరుకుతారు. గెలిచాక కౌన్సిల్‌లో మీ మాటకు తోడు ఉంటుంది. బదులుగా ఇవ్వాల్సిందీ ఉంది. మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నికలో విప్, అంటే ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. రేపు మీ బస్తీ ఇళ్లు ఖాళీ చేయించేది మీ పార్టీ ప్రభుత్వమే అయితే మీరు రోడ్డు మీద కూర్చోగలరా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. 'పనుల సంగతి అన్న చూసుకుంటాడు' అన్నాడంటే ఆయనకు కావలసింది మీ పేరు, మీ ఫొటో, రిజర్వేషన్‌కు సరిపోయే ఒక మహిళ. చట్టం సగం సీట్లు మహిళలకు ఇచ్చింది. అక్కడ కూర్చోవలసింది మీరు, అన్న కాదు. ఆయనతో ఇంకోసారి మాట్లాడండి, ఒంటరిగా వద్దు, సంఘంలో ఇద్దరిని తీసుకెళ్లండి. మూడే మూడు విషయాలు అడగండి. డబ్బు నేను తేలేను, పరిమితి లోపలే ఖర్చు, లెక్క నేనే రాస్తాను, సరేనా? ఇంజినీర్లతో, జోనల్ ఆఫీసుతో నేనే మాట్లాడతాను, సరేనా? ఇళ్ల కూల్చివేత మీద బస్తీ వైపే ఉంటాను, సరేనా? జవాబు వాళ్ల నగర నాయకుల దగ్గర నుంచి రావాలి, గల్లీ నాయకుడి మాట చాలదు. మీరే పార్టీ అభ్యర్థి అని రాసిచ్చే బీ ఫారం ఇచ్చేది వాళ్లే. నామినేషన్ చివరి రోజు మధ్యాహ్నం బీ ఫారం ఇంకొకరి చేతికి వెళ్లడం అన్ని పార్టీల్లోనూ జరిగేదే. కాబట్టి ఆ దారిలో వెళ్లినా, టికెట్ రాకపోతే ఏం చేస్తారో ముందే అనుకుని ఉంచుకోండి.

మరి గెలిస్తే మీ చేతికి వచ్చేదేమిటి? బస్తీలో ఇది సరిగా తెలియక తర్వాత కోపాలు వస్తాయి. మోరీ పొంగితే అది జలమండలి పని, నల్లా నీళ్లూ వాళ్లవే. కరెంటు డిస్కంది. ఇంటి పట్టాలు, ప్రభుత్వ స్థలాల్లో కట్టుకున్న ఇళ్లకు 2014 డిసెంబర్‌లో వచ్చిన 58, 59 జీవోల క్రమబద్ధీకరణ రెవెన్యూ వాళ్లవి. రేషన్ కార్డు పౌరసరఫరాల శాఖది. కార్పొరేటర్ నేరుగా పట్టుకోగలిగేవి లోపలి రోడ్లు, వీధి దీపాలు, చెత్త, వాన నీటి కాలువలు, పార్కు, కమ్యూనిటీ హాలు. వాటికి కూడా అంచనాలు ఇంజినీర్లు వేస్తారు, అమలు కమిషనర్ చేతిలో ఉంటుంది. మీరు పదేళ్లుగా ఇప్పించిన పనుల జాబితా చూడండి, అందులో ఎక్కువ భాగం కార్పొరేటర్ అధికారంలోనివి కావు. పదవితో కొన్ని తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి, నిజమే. కానీ పదవి లేకుండానే మీరు వాటిలో చాలా తెరిపించారు. అందుకే 'పోటీ చేయకపోవడం' కూడా మీకు గౌరవమైన దారే. దాన్ని ఎలా వాడుకోవచ్చో చివర చెబుతాను.

ఇప్పుడు జీతం, కేసులు, కాగితాలు.

మీ సంస్థకు విదేశీ నిధులున్నాయి కాబట్టి జాగ్రత్త అవసరం. విదేశీ విరాళాల మీద 2010లో వచ్చిన చట్టం ప్రకారం ఎన్నికల అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోకూడదు. గెలిచాక మునిసిపల్ సభ్యులకూ అదే నిషేధం. పనికి ఇచ్చే జీతానికి చట్టంలో మినహాయింపు ఉంది. అయినా మీ ప్రత్యర్థి ఒక ఫిర్యాదు రాస్తే దెబ్బ మీ మీద కన్నా ముందు ఆ సంస్థ లైసెన్సు మీద పడుతుంది. పోటీ నిర్ణయమైతే బహిరంగంగా చెప్పకముందే రాజీనామా ఇచ్చి, రిలీవింగ్ లెటర్ తీసుకోండి. ఆ సంస్థ ఆఫీసు, బండి, ఫోను, ఫొటోలు ఏవీ ప్రచారంలో కనిపించకూడదు. అప్పటి నుంచి ఇంటికి నెలకు 14,000 తక్కువ వస్తాయి. ఆరు నెలలకు 84,000. భర్త "నీ ఇష్టం" అన్నది ఈ అంకె తెలిసే అన్నారా? ఆ మాటలో ఒప్పుకోలు ఉందో, అలసట ఉందో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది. ఇంటి ఖర్చు ఎలా నడుస్తుందో, మిమ్మల్ని గురించి గల్లీలో చెడ్డ మాట పుట్టిస్తే ఇంట్లో ఎలా తట్టుకుంటారో, కార్పొరేటర్ మొగుడు అని ఆయన చుట్టూ జనం మూగితే ఆయన ఏం చేస్తారో కూర్చుని మాట్లాడుకోండి. పెద్దమ్మాయిని కూడా కూర్చోబెట్టండి, తనకు పరీక్షల ఏడాది కదా.

కేసులు పెండింగ్‌లో ఉండటం పోటీకి అడ్డు కాదు, దాచడం అడ్డు. ఎఫ్‌ఐఆర్ నకళ్లు తీసుకోండి. కోర్టుకు వెళ్లిందా లేదా, ఛార్జిషీటు నంబరేమిటో కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో మీ పేరుతో వెతికించండి. ధర్నా కేసుల్లో ఆందోళనకారులకు తెలియకుండానే మూడో కేసు ఉండటం కద్దు. పాత కేసుల్లో ఐపీసీ 143 (చట్టవిరుద్ధంగా గుమిగూడటం), 341 (దారి అడ్డగించడం), 188 (అధికారి ఆదేశం ధిక్కరించడం) సెక్షన్లు ఉండొచ్చు. 2024 జూలై 1 తర్వాతవైతే కొత్త భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు ఉంటాయి. అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయండి. ఎందుకు పెట్టారో కరపత్రంలో కూడా రాసుకోండి, ఇళ్ల కోసం కూర్చున్నందుకు వచ్చిన కేసు మీకు తలవంపు కాదు.

ఓటరు జాబితాలో మీ పేరు నగర పరిధిలో ఎక్కడైనా ఉండొచ్చు, ప్రతిపాదించేవారి పేరు మాత్రం మీరు నిలబడే వార్డు జాబితాలోనే ఉండాలి. బస్తీలో పేరు లేనివాళ్ల చేత ఫారం 6, ఇల్లు మారినవాళ్ల చేత ఫారం 8 ఇప్పుడే పెట్టించండి, నోటిఫికేషన్ దాకా ఆగకండి. ఇంటి పన్ను, నీటి బిల్లు బకాయి లేకుండా కట్టి రసీదులు దాచండి. రిజర్వేషన్ వార్డయితే కుల ధ్రువపత్రం ముందే తీసుకోండి. 2020లో బీసీలకు 50, ఎస్సీలకు 10, ఎస్టీలకు 2, జనరల్ మహిళలకు 44 వార్డులు దక్కాయి. కొత్త వార్డుల్లో మీది ఏదవుతుందో తేలేదాకా ఈ చర్చలో సగం గాలిలోనిదే. కాబట్టి ఎవరికీ ఇప్పుడే మాట ఇవ్వకండి.

సంఘం విషయంలో ఆ ఇద్దరు కమిటీ సభ్యుల భయం న్యాయమైనదే, వాళ్లను శత్రువులుగా చూడకండి. సంఘంలో అన్ని పార్టీల ఇళ్లు ఉన్నాయి కాబట్టే అధికారులు మీ మాట విన్నారు. పోటీకి దిగే పక్షంలో సర్వసభ్య సమావేశం పెట్టి, సంఘం ఏ అభ్యర్థినీ బలపరచదని తీర్మానం రాయించండి, అది మీక్కూడా వర్తించాలి. మీరు పదవికి రాజీనామా చేసి బ్యాంకు సంతకం, మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాలు, తాళాలు మరొకరికి అప్పగించండి, అప్పగింత కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. రేషన్ కార్డు, పింఛను కోసం జనం ఇచ్చిన ఆధార్ నకళ్లు, ఫోన్ నంబర్లు ఆ తాళం లోపలే ఉండాలి. వాటితో ప్రచారం సందేశాలు పంపితే, అవసరంలో ఇచ్చిన కాగితాన్ని ఓటు కోసం వాడుకున్నట్టవుతుంది. రేపు ఎవరూ నమ్మి కాగితం ఇవ్వరు. నంబర్లు మళ్లీ గడప గడపకూ వెళ్లి, ప్రచారానికని చెప్పి అడిగి తీసుకోండి. అప్పగించడానికి తగిన మనిషి ఇప్పుడు సంఘంలో లేకపోతే, ఈసారి పోటీ చేయకూడదనడానికి నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం అదే.

పోటీ చేయకుండా ఉండే దారి గురించి చెబుతానన్నాను. వార్డులోని ఐదారు బస్తీల సంఘాలను కలిపి ఏడెనిమిది కోర్కెలతో ఒక పత్రం రాయండి. 'అభివృద్ధి' అని కాదు. ఫలానా గల్లీలో ఇన్ని మీటర్ల కాలువ, ఫలానా చోట ఇన్ని దీపాలు అని రాయాలి. అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదికి పిలిచి, జనం ముందు సంతకం పెట్టించండి. 2020లో బీఎన్ రెడ్డి నగర్ వార్డు 32 ఓట్ల తేడాతో తేలింది. అలాంటి పోటీలో 1,600 ఓట్లున్న బస్తీ పిలిస్తే ఏ అభ్యర్థీ రానని అనలేరు. స్వతంత్రంగా నిలబడితే గెలవడానికి చాలని ఆ ఓట్లే, ఇక్కడ అందరినీ కూర్చోబెట్టడానికి సరిపోతాయి. పైగా ఆ ఐదేళ్లూ పక్క కాలనీల్లో మీ పేరు తెలుస్తుంది, ఆ పత్రం పట్టుకుని అడిగేది మీరే కాబట్టి. తర్వాతి ఎన్నికకు ఏడు వేల ఓట్ల లెక్క అప్పుడు వేరుగా ఉంటుంది. ఇందులో నష్టం కూడా చెప్పాలి. సంతకం పెట్టినవాళ్లు మాట తప్పితే మీ చేతిలో చట్టపరమైన ఆయుధం ఏదీ ఉండదు. వార్డు రిజర్వేషన్ వచ్చేసారి మీకు సరిపడకపోవచ్చు. కుర్రాళ్ల ఉత్సాహం చల్లబడవచ్చు.

ఇక ఓడితే ఏ ముఖం పెట్టుకోవాలన్నారు. బస్తీలో ముఖం చెల్లకుండా చేసేవి ఓటమి తర్వాత మిగిలే అప్పు, మాట పడిన పొరుగువాళ్లు, ఆగిపోయిన పనులు. అప్పు చేయకపోతే మొదటిది ఉండదు. ప్రచారంలో ఎవరింటినీ 'వాళ్లు అటువాళ్లు' అని వేరు చేయకపోతే రెండోది ఉండదు. సంఘాన్ని ముందే అప్పగించి ఉంటే మూడోదీ ఉండదు. లెక్కింపు అయిన వారంలో బూత్‌లలో కూర్చున్న వాళ్లందరి ఇళ్లకూ వెళ్లి రండి. చందా ఖాతాలో వచ్చిందెంత, పోయిందెంత అని ఒక కాగితం అచ్చేసి సంఘం గోడ మీద అంటించండి, ఎన్నికల అధికారికి ఇచ్చే లెక్క కూడా అదే కావాలి. సంఘంలోకి మాత్రం వెంటనే అధ్యక్షురాలిగా తిరిగి రాకండి. ఒక ఏడాది మామూలు సభ్యురాలిగా ఉండండి, కొత్తవాళ్లు తమ కాళ్ల మీద నిలబడతారు. పాత సంస్థలో ఉద్యోగం మళ్లీ దొరుకుతుందా అన్నది రాజీనామా ఇచ్చే రోజే అడిగి తెలుసుకోండి.